డొంకదారి సైకిలు విద్య

అనుమసముద్రంపేటకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఖాజా రహంతుల్లా నాయబ్ రసూల్ దర్గా కోసం వస్తారు. మొక్కు తీర్చుకుంటారు, దర్గా దగ్గర రాత్రి నిద్ర చేస్తారు, తెల్లారి తిరుగు బస్సెక్కుతారు. అటు ఆత్మకూరు, అనంతసాగరం, సోమశిల దాకా, ఇటు ఉదయగిరి దాకా పరుచుకున్న నెల్లూరు మెట్టను బస్సు కిటికీలోంచి చూసి వెళ్లిపోతారు. కానీ ఈ మెట్ట తారురోడ్డు మీద కనిపించేది కాదు. నిమ్మతోటల కంచెల మధ్య, చెరువు కట్టల మీద, వాగుల ఇసుకలో, వెలిగొండల అడుగున సాగే డొంకల్లో ఉంది దీని అందమంతా. ఆ డొంకల్ని చూడాలంటే సైకిలును మించిన వాహనం లేదు. కాలినడకన ఒక్కపూటలో ఇంత నేల చుట్టిరాలేం, మోటారుబండి మీద పోతే పిట్టకూత కూడా వినపడదు.

ద్రాక్షతోటలు, అడవులు, సరస్సుల మధ్య కొండ సైకిళ్లు తొక్కడం ప్రపంచంలో పెద్ద వేడుక. కెనడాలో ఓకనాగన్ సరస్సు ఒడ్డున నరమాటా ద్రాక్షతోటల పైనుంచి ఒక సైకిలు బాట పోతుంది. అది కొత్తగా వేసింది కాదు, రైళ్లు ఆగిపోయిన కెటిల్ వ్యాలీ రైలుదారి. పట్టాలు తీసేశాక ఆ దారిని కాపాడుకున్నారు, ఇవాళ దేశదేశాల నుంచి మనుషులొచ్చి దాని మీద తొక్కుతున్నారు. మనకు ద్రాక్ష బదులు నిమ్మ ఉంది, సరస్సు బదులు చెరువుంది. దారి మాత్రం ఎప్పటినుంచో ఉంది.

కొండ సైకిలు పుట్టింది కూడా పాతవాటిలోంచే. 1970లలో కాలిఫోర్నియాలోని మరీన్ కౌంటీ కుర్రాళ్లు, రెండో ప్రపంచయుద్ధానికి ముందునాటి బరువైన లావుటైర్ల సైకిళ్లను వెతికి తెచ్చుకుని టమల్‌పైస్ కొండ పక్క మట్టిదారుల్లో కిందికి దూకించారు. 1976 అక్టోబరు 21న వాళ్లు పెట్టుకున్న పందేనికి ‘రీప్యాక్’ అని పేరు. కొండ దిగేసరికి వెనక చక్రం హబ్బులోని బ్రేకు వేడెక్కి గ్రీజు మాడిపోయేది, మళ్లీ నింపితే గాని ఇంకోసారి దిగలేరు. అందుకే ఆ పేరు. 1977లో జో బ్రీజ్ ఇలాంటి దారుల కోసమే ప్రత్యేకంగా ఫ్రేములు కట్టాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ ‘స్టంప్‌జంపర్’ను ఫ్యాక్టరీలో తయారుచేసి అమ్మకానికి పెట్టింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి కొండ సైకిలు తొక్కడం పతకాల ఆట అయింది.

వాళ్లు ఆటగా మొదలుపెట్టిన పనిని మన మెట్ట ఊళ్లలో బతుకుతెరువుగా చేశారు. గేర్లు లేని పెద్ద ఇనప సైకిలు మీద రెండు పక్కలా పాలక్యాన్లు, వెనక పచ్చగడ్డి మోపు, ఫ్రేము సందులో నిమ్మకాయల గోతాం వేసుకుని డొంకల్లో తొక్కినవాళ్ల ఒంట్లో ఉన్న మెలకువలు, ఇవాళ కొండ సైకిలు శిక్షకులు నేర్పేవాటికి ఏమాత్రం తీసిపోవు. ఆ విద్యకు పేర్లు పెట్టి, వరసగా చెప్పుకోవాల్సిన అవసరం ఉంది.

ఒడుపులు

మొదటిది, బండిగాడి. డొంకలో ఎద్దుబండ్లు, ట్రాక్టర్లు తిరిగి రెండు గాళ్లు పడతాయి, నడుమ గడ్డిమొలిచిన మిట్ట మిగులుతుంది. గాడిలోనైనా పోవాలి, మిట్ట మీదైనా పోవాలి. గాడి అంచును ముందుచక్రం ఏటవాలుగా ఒరుసుకుంటే చక్రం జారి మనిషి పడతాడు. మారాల్సివస్తే వేగం తగ్గించి, హ్యాండిలు బాగా తిప్పి, అంచును అడ్డంగా ఒక్కసారి దాటాలి. చూపు ముందుచక్రం మీద ఉండకూడదు, నాలుగైదు బారల ముందు ఉండాలి. రాయిని చూస్తే సైకిలు రాయి మీదికే పోతుంది, రాళ్ల మధ్య సందును చూస్తే సందులోంచి పోతుంది.

రెండోది, ఇసుక. బొగ్గేరు, బీరాపేరు లాంటి ఏర్లు, వాటిలో కలిసే వాగులు ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఇసుకపర్రలుగానే ఉంటాయి. ఇసుకలో దిగేముందే కాస్త వేగం అందుకోవాలి. లోపల తొక్కుడు ఆపకూడదు, హ్యాండిలు తిప్పకూడదు. బరువు వెనక్కి వేస్తే ముందుచక్రం దిగబడదు. ఇసుకదారి ఎక్కువుంటే టైర్లలో కొంచెం గాలి వదలాలి, టైరు వెడల్పై నేలను పట్టుకుంటుంది. రాతినేల రాగానే మళ్లీ కొట్టుకోవాలి, లేకపోతే రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి రెండు గాట్లు పడతాయి.

మూడోది, ఎక్కుడూ దిగుడూ. మిట్ట ఎక్కేటప్పుడు సీటు ముందు అంచుకు జరిగి, ఛాతీ హ్యాండిలు వైపు వంచి, సమంగా తొక్కాలి. లేచి నిలబడి గబగబా తొక్కితే వెనకచక్రం గులకరాళ్ల మీద ఉత్తినే తిరుగుతుంది. దిగేటప్పుడు పెడళ్లు రెండూ నేలకు సమానంగా పెట్టి, సీటు మీంచి లేచి, మోకాళ్లు, మోచేతులు మడిచి, ఒంటిని వెనక్కి నెట్టాలి. రెండు బ్రేకులూ కలిపి మెల్లగా నొక్కాలి. ముందు బ్రేకు ఒక్కటే పట్టేస్తే బోర్లా పడటమే. నాన్న సైకిలు సీటందక ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి నేర్చుకున్న పిల్లలకు ఈ విద్య సగం వచ్చినట్టే. సీటు లేకుండా, ఒంటి బరువును అటూ ఇటూ మారుస్తూ తొక్కడమే వాళ్ల మొదటి పాఠం.

నాలుగోది, ముల్లు. ఈ నేల మీద సైకిలుకు అసలు శత్రువులు పల్లేరుకాయ, సర్కారుకంప. పల్లేరు ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. పంచరు వేయడం రానివాడు డొంకలో దిగకూడదు. టైరు ఒకపక్క విప్పి ట్యూబు లాగి, గాలికొట్టి, నీళ్లలో ముంచితే బుడగలొచ్చిన చోటే బొక్క. అక్కడ తుడిచి ఆరబెట్టి, ఆకురాయితో గరుకు చేసి, సొల్యూషన్ పూసి, అది చేతికి అంటనంతగా ఆరాకే ప్యాచి వేసి గట్టిగా అదమాలి. తొందరపడి తడి మీదే అంటిస్తే ఊరు చేరకముందే ఊడిపోతుంది. ఇంతకన్నా ముఖ్యమైన పని ఇంకొకటుంది. ట్యూబు తిరిగి ఎక్కించేముందు టైరు లోపల వేలికొసతో మెల్లగా చుట్టూ తడమాలి. విరిగిన ముల్లుమొన ఇంకా అందులోనే ఉంటుంది, దాన్ని పీకకపోతే పది గజాల్లో మళ్లీ అదే పని.

నిమ్మ, నీళ్లు, అడవి

ఈ దారుల్లో మొదట తగిలేవి తోటలు. నెల్లూరు ప్రాంతం నిమ్మకు పెట్టింది పేరు, పొదలకూరు, గూడూరు మార్కెట్ల నుంచి కాయ దూరదేశం పోతుంది. పూతమీదున్న తోట పక్కన పొద్దున్నే తొక్కుతుంటే ఆ వాసన కోసమే వేగం తగ్గించాలనిపిస్తుంది. మర్రిపాడు వైపు తిరిగితే వర్జీనియా పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు కనిపిస్తాయి, ఆ పంట డీసీ పల్లి వేలం కేంద్రానికి చేరుతుంది.

తర్వాత చెరువు కట్టలు. కట్ట మీద తొక్కడానికి ఒక మర్యాద ఉంది. తడిగా ఉన్నప్పుడు తొక్కకూడదు. టైరు గాడి పడిన చోట వాననీరు పారి గండికి దారి చూపుతుంది. తూము దగ్గర, కలుజు దగ్గర దిగి నడవాలి. గొర్రెలో బర్రెలో ఎదురైతే ఆగాలి, దారి ముందు వాటిది. పెన్న వెలిగొండల్ని చీల్చుకుని బయటపడే చోట 78 టీఎంసీల సోమశిల జలాశయం నిలిచింది. మెట్ట చెరువులన్నీ చూసి ఆఖరున అక్కడికి చేరితే నీటి విలువ కళ్లకు కడుతుంది.

అడవి సంగతి వేరు. వెలిగొండల్లో పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది, ఎర్రచందనం ఉంది. అటవీశాఖ అనుమతి లేకుండా చక్రం పెట్టకూడదు, చీకటిపడ్డాక అసలు వద్దు. అంచుల్లోని ఊరిబాటలు చాలు. ఉదయగిరి దుర్గం 3,079 అడుగుల కొండ. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి 1514లో గెలుచుకున్న కోట అది. సైకిలు కిందే పెట్టి నడిచి ఎక్కాలి. దిగొచ్చాక ఉదయగిరిలో చెక్కచెంచాలు చెక్కేవాళ్ల దగ్గర ఒకటి కొనుక్కుంటే, ఆ ఊరికి మన రాక వల్ల నాలుగు డబ్బులు.

కాలం కూడా చూసుకోవాలి. ఇక్కడ వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సంక్రాంతి ముందూ వెనకా నేల గట్టిపడి, చెరువుల్లో నీళ్లుండి, ఎండ ఓర్చుకునేలా ఉంటుంది. వేసవిలో తొమ్మిదింటికల్లా ఇల్లు చేరాల్సిందే.

డొంక ఎవరిది?

ఇంత చెప్పడానికి ఆటొక్కటే కారణం కాదు. గ్రామ నక్షాలో డొంక ఉంటుంది, రెవెన్యూ లెక్కల్లో ‘డొంక పోరంబోకు’ అని రాసి ఉంటుంది. అంటే అది అందరిదీ. కానీ మనిషి నడవని డొంకను కంప కమ్ముకుంటుంది, ఆనక పక్క పొలం గట్టు అడుగడుగుగా జరుగుతూ వస్తుంది. కొన్నేళ్లకు దారి కాగితం మీదే మిగులుతుంది. అప్పుడు వెనక పొలమున్న చిన్నరైతు తన పంటను బయటికి తెచ్చుకోవడానికి పక్కవాణ్ణి బతిమాలాలి, మేకలకాపరి రెండు మైళ్లు చుట్టూ తిరగాలి.

తిరిగే దారి మూతపడదు. వారానికొకసారి పదిమంది పిల్లలు సైకిళ్ల మీద ఒక డొంకను ఈ చివర నుంచి ఆ చివరకు తొక్కితే అది బతికున్న దారి అని ఊరికి తెలుస్తుంది. ఎక్కడ కంప అడ్డమొచ్చిందో, ఎక్కడ కంచె లోపలికి జరిగిందో అదే వారం బయటపడుతుంది. పంచాయతీకి అర్జీ పెట్టడానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. కొత్త బాటలకు కోట్లు అక్కర్లేదు. గ్రామ నక్షా తీసి డొంకలు గుర్తించి, ఉపాధి హామీ పనుల్లో కంప కొట్టించి, మలుపుల్లో ఊరిపేర్ల రాళ్లు పాతితే చాలు. అనుమసముద్రంపేట బడిపిల్లలు సోమశిల నీళ్లదాకా మట్టిదారిలోనే పోయిరాగలుగుతారు. వాళ్లకు గాడి దాటడం, ముల్లు తీయడం నేర్పగల పెద్దలు ఇంకా ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లుండగానే ఆ పని మొదలుపెట్టాలి.