ప్రియదర్శిని పెట్టె

'మాయాబజార్'లో పాండవులు కనిపించరు. వాళ్ళ రాజ్యం పోవడంతోనే కథ మలుపు తిరుగుతుంది, వాళ్ళింటి పిల్లవాడి పెళ్ళి కోసమే కథంతా నడుస్తుంది. అయినా ధర్మరాజు గానీ, భీముడు గానీ, అర్జునుడు గానీ ఒక్కసారీ తెరమీదికి రారు. ఆరోసారి చూసినప్పుడు గానీ ఈ సంగతి నాకు తట్టలేదు. అంతకుముందు అయిదుసార్లూ నా కళ్ళు ఎక్కడున్నాయా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

నా దగ్గర ఒక పాత నోటుపుస్తకం ఉంది. అందులో సినిమా పేరు, చూసిన ఏడు, చూసిన చోటు రాస్తాను. ఆ పక్కన ఇంకొక్క ముక్క రాస్తాను: ఈసారి ఎవరిని చూశాను? మూడుసార్లయినా చూడని సినిమాని ఇష్టమైనవాటిలో చేర్చకూడదని నా నియమం. మొదటి ఆటలో కథ మనల్ని లాక్కుపోతుంది. తర్వాతేమవుతుందో అన్న ఆత్రం తీరాకే కన్ను కుదురుగా కూర్చుంటుంది. అందుకే మీకు బాగా నచ్చిన సినిమాలేవని ఎవరైనా అడిగితే ఆ పుస్తకం తిరగేసి చెబుతాను.

'మాయాబజార్' మొదటిసారి చూసింది మా ఊరి డేరా హాల్లో, రాత్రి ఆట. లౌడుస్పీకర్లో ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట వినిపించిందంటే ఆట మొదలు కాబోతోందని ఊరంతటికీ గుర్తు. నేల టికెట్టు కొనుక్కుని ఇసకలో అమ్మ పక్కన కూర్చున్నాను. నాకు ఎనిమిదేళ్ళు. నాకు కావలసిందల్లా ఘటోత్కచుడు. ఎస్వీ రంగారావు ఎప్పుడొస్తాడా, లడ్లు వాటంతటవే ఆయన నోట్లోకి ఎప్పుడు ఎగిరిపడతాయా అని కాచుకుని ఉన్నాను. ఇంకా ఆయన రాకముందే, మధ్యలో ఒకచోట అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏడవడానికి అక్కడ ఏముందో నాకు అర్థం కాలేదు. "ఏమైందమ్మా?" అన్నాను. "ఏం లేదు, నువ్వు సినిమా చూడరా" అంది.

కాలేజీ రోజుల్లో మళ్ళీ చూస్తే ఘటోత్కచుడు కొంచెం వెనక్కి జరిగి, వెన్నెల్లో పడవ ముందుకొచ్చింది. ఆ వెన్నెల చంద్రుడిది కాదు, కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ పనితనమని తెలిశాక మరో రెండుసార్లు కేవలం దానికోసమే వెళ్ళాను. ఉద్యోగంలో చేరాక సావిత్రి కనిపించింది. మాయా శశిరేఖ రూపం ఆడపిల్లది, లోపలున్నవాడు రాక్షసుడు. నడకలో రాక్షసుడు బయటపడిపోతాడు, అంతలోనే సర్దుకుని ఆడపిల్లవుతాడు. పెళ్ళిపీటల మీద రేలంగిని ఆవిడ హడలగొడుతుంటే హాలంతా నవ్వుతుంది. ఒకే ముఖం మీద ఇద్దరు మనుషులు వచ్చిపోతూ ఉండటాన్ని చూస్తూ నేను నవ్వడం మరిచిపోయాను.

1957 మార్చి 27న విడుదలైన ఆ సినిమాలో, దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు కలిసి ఒక చిత్రమైన పెట్టెను పెట్టారు. దానిపేరు ప్రియదర్శిని. మూత తీసినవాళ్ళకి తమకి ప్రియమైనదేదో అదే అందులో కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి శిష్యుడు దుర్యోధనుడు కనిపిస్తారు. కృష్ణుడు చూస్తే మాత్రం శకుని! పెట్టె ఒకటే, చూసే కళ్ళను బట్టి బొమ్మ మారుతుంది. నాకు సినిమా అంటే ఏమిటో ఆ పెట్టె చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పలేదు.

నోటుపుస్తకంలో తర్వాతి పేరు బాపు 'ముత్యాల ముగ్గు'. 1975 నాటిది. మొదట్లో అందరిలాగే నేనూ రావు గోపాలరావు కంట్రాక్టరు కోసం వెళ్ళాను. ముళ్ళపూడి వెంకటరమణ రాసిన మాటల్ని ఆయన నోట్లో నానబెట్టి, తీరిగ్గా వదులుతుంటే విని ఇంటికొచ్చి అనుకరించని కుర్రాడు మా వీధిలో లేడు. రెండోసారికి పొద్దుటి ఎండ కనిపించింది. 'గరం హవా'కి పనిచేసిన ఇషాన్ ఆర్య ఈ సినిమాకి జాతీయ అవార్డు అందుకున్నాడు. ఆకుల సందుల్లోంచి నేలమీద పడే వెలుగు, వాకిట్లో ముగ్గుమీద వాలే నీడ, ఇవన్నీ మన ఊళ్ళో రోజూ ఉన్నవే అయినా, అవి చూడదగ్గవని నాకు చెప్పినవాడు ఆయనే. మూడోసారి లక్ష్మిని చూశాను. ఎవరో పన్నిన కుట్ర నమ్మి, కడుపుతో ఉన్న కోడల్ని బయటికి గెంటిన ఇల్లు అది. ఉత్తర రామాయణాన్ని గోదావరి గట్టు మీదికి తెచ్చారని విమర్శకులు ఏనాడో రాశారు. చదివాను కూడా. కానీ ఆవిడ ముఖం నా కంటికి ఆనడానికి నాకు పెళ్ళి కావలసి వచ్చింది.

'శంకరాభరణం' 1980 ఫిబ్రవరిలో వచ్చింది. శంకరశాస్త్రిగా వేసిన జె.వి. సోమయాజులు అప్పటికి డిప్యూటీ కలెక్టరు. రంగస్థలం మీద 'కన్యాశుల్కం' రామప్పపంతులుగా పేరున్నా, సినిమాహాళ్ళకి మాత్రం కొత్తవాడు. సంగీతం తెలియని నాకు ఆ సినిమా సంగీతం నేర్పలేదు గానీ, సంగీతం ముందు ఎలా కూర్చోవాలో నేర్పింది. చాలాకాలం నా పుస్తకంలో శాస్త్రిగారి పేరే ఉంది. ఆ తర్వాత ఒకసారి తులసి అని రాసుకున్నాను. మంజుభార్గవి ఆ పాత్రలో మాట్లాడిన మాటలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. తనవల్ల ఆయనకి అపవాదు వచ్చిందని తెలిసి ఆ ఇంటినుంచి వెళ్ళిపోతుంది. ఏళ్ళు గడిచాక కొడుకుని ఆయన దగ్గరికి శిష్యుడిగా చేర్చి, తాను మాత్రం దూరంగానే నిలబడుతుంది. వాళ్ళిద్దరి మధ్య ఉన్నదానికి కె. విశ్వనాథ్ ఏ పేరూ పెట్టలేదు. నేనూ పెట్టను.

'దాసి' సంగతి వేరు. దాన్ని హాల్లో చూసే భాగ్యం కలగలేదు. ఆదివారం మధ్యాహ్నాలు దూరదర్శన్ ప్రాంతీయ భాషల సినిమాలు వేసేది. భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కునుకు తీస్తుంటే ఒక్కణ్ణే కూర్చుని చూశాను. బి. నర్సింగరావు 1988లో తీసిన ఈ సినిమాకి అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఎ.కె. బీర్ ఛాయాగ్రహణానికీ, చిత్రకారుడు వైకుంఠం కళా దర్శకత్వానికీ, సుదర్శన్ దుస్తులకీ వచ్చాయి. కమలాక్షిగా నటించిన అర్చన ఉత్తమ నటి అయింది. 1920ల నాటి తెలంగాణ గడీలో ఆమె ఒక దాసి. తన ఒళ్ళు తనది కాదు, కడుపులో పడ్డ నలుసు కూడా తనది కాదు. సినిమాలో మాటలు తక్కువ. దొర, దొరసాని పిలిచినప్పుడల్లా ఆమె తలవంచుకుని వచ్చి నిలబడుతుంది. సినిమా అయ్యాక టీవీ కట్టేసి, నిద్రపోతున్న ఇంట్లో చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ రోజు పుస్తకంలో ఆమె పేరు రాయడానికి మళ్ళీ చూడాల్సిన అవసరం లేకపోయింది. అయినా తర్వాత రెండుసార్లు చూశాను. నియమం నియమమే.

ఈ మధ్య చేరిన పేరు 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'. వెంకటేశ్ మహా విశాఖపట్నంలోని ఆ పేటలోనే, ఎక్కువగా ఆ పేటవాళ్ళతోనే తీశాడు. ముగింపు తెలిశాక మొదటి నుంచీ మళ్ళీ చూడాల్సిన సినిమా అది. రెండోసారి చూసినప్పుడు నాకు రాధ దొరికింది. భర్త పోయి, ఎదిగిన కూతురున్న అధికారిణి, తన ఆఫీసులోని అటెండరంటే ఇష్టమని తానే నోరు తెరిచి చెబుతుంది. ఆ మాట వినగానే తెలియకుండానే చప్పట్లు కొట్టాను.

మొన్న సంక్రాంతికి పుస్తకం దులిపి, పేజీలు ఒక్కొక్కటీ తిప్పాను. పక్కపక్కన చేర్చి చదివితే గానీ నేనేం రాసుకున్నానో నాకే తెలియలేదు. ప్రతి సినిమాకీ చివర రాసుకున్న పేరు లక్ష్మి, తులసి, కమలాక్షి, రాధ. 'మాయాబజార్' ఎదురుగా, ఆరోసారి చూసిన నాటి తేదీ పక్కన, సుభద్ర.

ఋష్యేంద్రమణి వేసిన పాత్ర అది. అత్తవారి రాజ్యం పోయాక కొడుకుని వెంటబెట్టుకుని ద్వారకకి, పుట్టింటికి వస్తుంది. నా కూతురు నీ కోడలే అని ఒకనాడు మాట ఇచ్చిన అన్నగారే మాట తప్పుతాడు. వదినగారి చూపు మారుతుంది. సుభద్ర కొడుకుతో ఆ గడప దాటి అడవిదారి పడుతుంది. పాండవులు ఈ కథలో ఎక్కడా లేరని నాకు తట్టింది సరిగ్గా అక్కడే. ఆమె పక్కన నిలబడాల్సినవాళ్ళు ఒక్కరూ లేరే అనిపించి, అప్పుడు వెతికాను.

డేరా హాల్లో అమ్మ కళ్ళు తుడుచుకున్నదీ ఆ చోటే. దానికి ముందు ఏడు నాన్న వ్యాపారం దెబ్బతిని, ఆయన పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళితే, అమ్మా నేనూ మామయ్యగారింట్లో ఉన్నాం. ఒక సాయంత్రం అమ్మ ట్రంకుపెట్టె సర్దుకుని, నా చెయ్యి పట్టుకుని బస్టాండుకి నడిచింది. చీకటి పడుతోంది. ఎందుకు వెళ్ళిపోతున్నామని అడిగితే జవాబు చెప్పలేదు. తర్వాత కూడా ఎప్పుడూ చెప్పలేదు.

అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. నీకిష్టమైన సినిమా ఏదమ్మా అని ఆవిడని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు 'మాయాబజార్' చూసేటప్పుడు సుభద్ర గడప దాటే చోట ఒక నిమిషం ఆపుతాను. తెరమీద రథం సిద్ధంగా ఉంటుంది. నాకు బస్టాండు దారి, అమ్మ చేతిలో ట్రంకుపెట్టె కనిపిస్తాయి.