నాలుగొందల అడుగుల చదువు

ఫిల్మ్ స్కూల్లో చేయించే మొదటి అభ్యాసం చూస్తే బయటివాళ్లకు నవ్వొస్తుంది. ఒక మనిషి తలుపు తీసుకుని లోపలికొస్తాడు, గది దాటి కుర్చీలో కూర్చుంటాడు, ఎదురుగా ఉన్నావిడతో రెండు మాటలు మాట్లాడతాడు. అంతే. కథ లేదు, ఫైటు లేదు. దీన్నే ముక్కలుగా తీసి, అతుకు కనబడకుండా అతకాలి. ఎడిటర్‌గా అప్పుడప్పుడూ క్లాసులు చెప్పడానికి వెళ్లే నాకు, కొత్త బ్యాచ్‌లో ఎవరి చూపు ఎంతో ఈ తలుపు దగ్గరే తెలిసిపోతుంది.

బయటి షాట్‌లో కుడిచేత్తో తలుపు తీసినవాడు లోపలి షాట్‌లో ఎడమచేత్తో తోసుకొస్తాడు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ, తీరా అతికించి చూస్తే, బస్సులో ముందువెనక సీట్లలో కూర్చున్నట్టు ఒకే వైపు చూస్తుంటారు. ఇద్దరి మధ్యా ఊహించుకునే గీతను కెమెరా దాటేసింది, లైన్ క్రాస్ అయిందన్నమాట. కెమెరా ఆ గీతకు ఒకే పక్కన ఉండాలనే ఈ 180 డిగ్రీల సూత్రం పుస్తకంలో ఒక పేజీ. బోర్డు మీద బొమ్మ గీస్తే అందరూ తలూపుతారు. అదే లొకేషన్‌లో, వెలుతురు పడిపోతుండగా, వెనక గోడ బాలేదని కెమెరాను అటువైపు మార్చేటప్పుడు ఆ పేజీ ఒక్కరికీ గుర్తురాదు. మర్నాడు రషెస్, అంటే తీసిన ముక్కలు, చూసేటప్పుడు పదిమంది ముందూ బయటపడుతుంది. ఆ సిగ్గు పడ్డాక ఇక మర్చిపోవడం ఉండదు.

ముడిఫిల్మ్ లేనిచోట కూడా ఈ చదువు సాగింది. 1919లో మాస్కోలో ఫిల్మ్ స్కూలు పెట్టిననాటికి రష్యాలో అంతర్యుద్ధం. ఫిల్మ్ దొరకడమే గగనం. అక్కడ లెవ్ కులెషోవ్ శిష్యులు ఫిల్మ్ లేకుండానే సినిమాలు ‘తీశారు’. సన్నివేశాన్ని షాట్లుగా విడగొట్టుకుని, ఒక్కో ముక్కనూ నటించి చూపేవారు. గ్రిఫిత్ ‘ఇన్‌టాలరెన్స్’ను షాటు షాటుగా విప్పి చదువుకున్నారు. దర్శకుడు పుడోవ్‌కిన్ తేలింది ఆ బృందంలోంచే.

పుణెలో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. అక్కడి తొలితరాలు నేర్చుకున్నది కొలిచి ఇచ్చిన ఫిల్మ్‌తోనే. 35 ఎంఎం ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు పరుగెడుతుంది. 400 అడుగుల రోల్ నాలుగున్నర నిమిషాలైనా రాదు. అందుకే ఆలోచనంతా ‘యాక్షన్’ అనకముందే అయిపోవాలి. అరవైల్లో రిత్విక్ ఘటక్ అక్కడ కొద్దికాలం పాఠాలు చెప్పారు. మణి కౌల్, కుమార్ సహానీ, జాన్ అబ్రహాం ఆయన శిష్యులే. ఒకరి సినిమా ఇంకొకరి సినిమాలా ఉండదు. స్కూలుకెళితే అందరూ ఒకే మూసలో తయారవుతారని వాదించేవాళ్లకు ఈ మూడు పేర్లూ చెప్పి ఊరుకుంటాను.

మన తెలుగు సినిమావాళ్లకు మాత్రం చాలాకాలం స్టూడియోనే బడి. సింగీతం శ్రీనివాసరావు కె.వి.రెడ్డి గారి దగ్గర అసిస్టెంటుగా పనిచేశారు. కె.విశ్వనాథ్ మద్రాసు వాహినిలో సౌండ్ విభాగం నుంచి వచ్చారు. ఆ గురుకులానికి నేను వంక పెట్టను. కానీ ఇప్పటి సెట్లో క్లాప్ పట్టుకున్న కుర్రాడు ఏళ్లు గడిచినా క్లాపుకీ, కాస్ట్యూమ్ కంటిన్యుటీకీ, కేరవాన్ తలుపుకీ మధ్యే తిరుగుతుంటాడు. ఫోకస్ పుల్లర్ ఏం చేస్తున్నాడో చూడాలని పక్కన నిలబడితే ‘నీ పని చూసుకో’ అంటారు. స్కూల్లో అలా కుదరదు. ఈవేళ డైరెక్షన్ చేసిన పిల్ల రేపు పక్కవాడి సినిమాకు బూమ్, అంటే మైకు కట్టిన పొడవాటి కర్ర, పట్టాలి. చేతులు పీకేస్తుంటే, షాట్ అయిపోయినా కట్ చెప్పకుండా ఆలోచనలో పడ్డ డైరెక్టర్ మీద ఎంత మండుతుందో అప్పుడు తెలుస్తుంది. ఎల్లుండి మానిటర్ ముందు తను కూర్చుంటే కట్ చెప్పడం ఆలస్యం చేయదు.

బూమ్ పట్టినవాళ్లకే రూమ్ టోన్ విలువా తెలిసేది. సీన్ అయ్యాక యూనిట్ మొత్తం ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోతే, ఒక నిమిషం పాటు ఆ గది చప్పుడును రికార్డు చేస్తారు. డైలాగుల మధ్య సందులు పూడ్చడానికి ఎడిటింగ్‌లో అది కావాలి. డబ్బింగుకు అలవాటుపడ్డ మన సినిమాల్లో దీని గొడవ పెద్దగా ఎవరికీ పట్టలేదు. క్లాసులో మొదటిసారి ఎవరో ఒకరు ఫక్కుమంటారు, మళ్లీ మొదటికొస్తుంది. ఫ్యాన్ ఆపారు గానీ ఫ్రిజ్ సంగతి మరిచారని రెండోసారికి గాని తెలియదు.

ఇదంతా యూట్యూబ్‌లో ఉంది కదా సార్ అంటారు. ఉంది. లెన్సుల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లే ఉన్నారు. ప్రైవేటు స్కూళ్ల ఫీజులు చూసి, ఆ డబ్బుతో ఒక షార్ట్ ఫిల్మ్ తీసుకోవచ్చు కదా అనే తల్లిదండ్రుల లెక్కనూ నేను తప్పనను. చేరదలచుకున్నవాళ్లకు మాత్రం ఒకటి చెబుతాను. గోడమీద ఎవరి ఫొటోలున్నాయో చూడొద్దు. ఏడాదికి ఎన్ని అభ్యాసాలు చేయిస్తారు, కెమెరాలు పిల్లల చేతికిస్తారా, బీరువాలో పెట్టి తాళం వేస్తారా, ఈ సంగతులు సీనియర్లను అడగండి.

ఈసారి బ్యాచ్‌కు తలుపు అభ్యాసంలో ఒక నిబంధన పెడుతున్నాను. మెమరీ కార్డు ఎంత పెద్దదైనా రికార్డు చేసేది మొత్తం కలిపి నాలుగున్నర నిమిషాలు దాటకూడదు. రిహార్సల్‌ను ఫోన్లో తీసుకోవచ్చా అని అప్పుడే ఇద్దరు ముగ్గురు బేరానికి వచ్చారు. కుదరదన్నాను.