పెట్టె గొప్పా? బొమ్మ గొప్పా?

గ్రైండరు కొనడానికి వెళ్ళినప్పుడు మోటారు శక్తి ఎంత అని మగవాళ్ళు అడుగుతారు. "పప్పు ఎంతసేపట్లో నలుగుతుంది? కడుక్కోవడం సులువేనా? రేపు పాడైతే సామాను దొరుకుతుందా?" అని మనం అడుగుతాం. అంకెలు అట్టపెట్టె మీదే ఉంటాయి. కష్టసుఖాలు ఇంటికొచ్చాక గాని తెలియవు.

2006లో అమెరికాలో మొదటిసారి అమ్మకానికొచ్చిన హై డెఫినిషన్ డిస్క్ ప్లేయర్ల సంగతి చదువుతూంటే నాకీ గ్రైండరు బేరమే గుర్తొచ్చింది. ఆ పెట్టెల్ని కూడా మన ప్రశ్నలతోనే తూచి చూద్దామనిపించింది.

ముందు అసలు విషయం చెప్పుకుందాం. మామూలు డీవీడీ బొమ్మలో అక్కడ 480 గీతలు, మన దేశంలో 576. కొత్త డిస్కులో 1080. పళ్ళెం సైజు మాత్రం పెరగలేదు. మరి అంత బొమ్మ ఎలా పట్టింది? పిండి సన్నగా జారవిడిచే చెయ్యి అదే వాకిట్లో ఎక్కువ మెలికల ముగ్గు వెయ్యదూ? ఇదీ అంతే. పాతవాటిలో ఎర్రని లేజరు కిరణం చదివేది. కొత్తవాటిలో అంతకన్నా సన్నని నీలి ఊదా కిరణం చదువుతుంది.

బాగానే ఉంది. కాని కంపెనీలు ఒక్క మాట మీద నిలబడలేదు. తోషిబా పక్షం హెచ్‌డీ డీవీడీ అంది. సోనీ పక్షం బ్లూ రే అంది. ఒకరి డిస్కు మరొకరి పెట్టెలో ఆడదు. తోషిబా హెచ్‌డీ ఎ1 ఏప్రిల్‌లో 499 డాలర్లకు వచ్చింది. శాంసంగ్ బీడీ పీ1000 జూన్‌లో వచ్చింది. ధర అక్షరాలా వెయ్యి డాలర్లు!

రెట్టింపు ధర పెడితే రెట్టింపు బొమ్మ రావాలి కదా? అక్కడే ఉంది తమాషా. తోషిబా పెట్టె 1080 గీతల్ని సగం సగంగా రెండు విడతల్లో పంపేది. శాంసంగ్‌ది ఒకే విడతలో పంపేది. కాగితం మీద శాంసంగ్‌దే పైచెయ్యి. తెర మీద మాత్రం దాని బొమ్మ మెత్తబడి, మసకేసినట్టుండేది. లోపలి చిప్‌లో బొమ్మ మీది మరకలు తుడిచే ఏర్పాటొకటి ఉండి, మరకలతో పాటు మొహాల మీది కళ కూడా తుడిచేసింది! తరవాత దాన్ని సరిచేశారనుకోండి. డిస్కుల తప్పూ లేకపోలేదు. 'ది ఫిఫ్త్ ఎలిమెంట్' సినిమా మొదటి బ్లూ రే బాగాలేదని విమర్శలొస్తే, 2007లో మళ్ళీ తయారుచేసి విడుదల చేశారు.

అయితే తోషిబాకే మార్కులన్నీ వేసేద్దామా? తొందరపడకండి. మీట నొక్కాక అది లేచి ఒళ్ళు విరుచుకోవడానికే దాదాపు నిమిషం పట్టేది. డిస్కు పెట్టాక మళ్ళీ ఎదురుచూపులు. అన్నాలు తిని పిల్లలంతా చాపమీద చేరాక అది ఎంతసేపో ఊహించుకోండి! లోపాలు దిద్దుకోవాలంటే దానికి ఇంటర్నెట్ తీగ తగిలించాలి. విందుకు పిలిచి, పొయ్యి మనచేతే ఊదించుకున్నట్టు లేదూ?

దాని మంచి గుణం ఒకటి చెప్పకపోతే అన్యాయం. బీరువాలోని పాత డీవీడీలను అది ఎంతో చక్కగా చూపించేదని పేరు తెచ్చుకుంది. కొత్త కోడలు వచ్చీ రాగానే అత్తగారిని గౌరవించినట్టు! నా లెక్కలో ఇది చిన్న గుణం కాదు. ఏ ఇంట్లోనైనా కొత్త డిస్కులు పదుంటే పాతవి వందుంటాయి.

అంత చేసీ ఓడింది తోషిబాయే. 2008 జనవరిలో వార్నర్ సంస్థ బ్లూ రే పక్షం చేరింది. ఫిబ్రవరి 19న తోషిబా ఈ వ్యాపారం మానేస్తున్నట్టు ప్రకటించింది. రెండేళ్ళైనా నిండలేదు. ఆంబోతుల కుమ్ములాటలో లేగల కాళ్ళు విరిగినట్టు, నష్టపోయింది ఇంటి ఖర్చులోంచి డబ్బు తీసి డిస్కులు కొనుక్కున్నవాళ్ళు. పెట్టె పాడవలేదు, బొమ్మా చెడలేదు. దుకాణానికి వెళితే కొత్త డిస్కు లేదు, అంతే.

అందుకే నా తీర్పు ఇది: బొమ్మకు తోషిబా గెలిచింది, ఓపికకు రెండూ తప్పాయి. వెయ్యి డాలర్లకు మసక బొమ్మ చూపించడం క్షమించరానిది. ఇవాళ్టి బ్లూ రే ప్లేయర్లూ పాత డీవీడీలను ఆడిస్తాయి. హెచ్‌డీ డీవీడీని మాత్రం అవి ముట్టుకోవు.

కొత్త ఒక వింత, నిజమే. రేపు మీ ఇంట్లోకి ఏ కొత్త పెట్టె వచ్చినా, గీతలెన్ని అని మీవారిని అడగనివ్వండి. "ఎంతసేపట్లో మొదలవుతుంది? మన పాతవి ఆడతాయా? ఐదేళ్ళ తరవాత దీనికి డిస్కులు దొరుకుతాయా?" అని మీరడగండి. దుకాణదారు కాస్త తడబడితే, కొన్నాళ్ళు ఆగడమే మంచిది.