పూడ్చిన కాలువ, కట్టని డ్యామ్

అమెరికాలోని కిసిమ్మీ నదినీ, ఆస్ట్రియాలో వియన్నా దిగువన పారే డాన్యూబ్‌నీ పక్కపక్కన పెడితే, గెలుపు డాన్యూబ్‌దే అనిపిస్తుంది. అక్కడి జనం డ్యామ్‌ను కట్టకముందే ఆపారు. కిసిమ్మీని మాత్రం ముందు పాడుచేసి, తర్వాత వంద కోట్ల డాలర్ల దాకా ఖర్చుపెట్టి బాగుచేసుకోవాల్సి వచ్చింది. కానీ నది పక్కనుండే పల్లపు నేల వైపు నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది.

1947లో తుపానులు కిసిమ్మీ పారే ఫ్లోరిడాను ముంచాయి. ఆ భయంతో 1962 నుంచి 1971 దాకా అమెరికా సైన్యపు ఇంజనీర్లు కిసిమ్మీని తిన్నగా తవ్వేశారు. 166 కిలోమీటర్లు వంకలు తిరిగే నది 90 కిలోమీటర్ల కాలువ అయింది. తొమ్మిది మీటర్ల లోతు, మధ్యమధ్య గేట్లు. వరద ఒడ్డు దాటడం మానేసింది. నెలల తరబడి నీళ్లు నిలిచే నేల ఎండి పశువుల బీడుగా మారింది. చలికాలానికి వచ్చే బాతుల్లో 90 శాతానికి పైగా రావడం మానేశాయి. పశువుల వెంట తిరిగే కొంగలు మాత్రం పెరిగాయి.

పైకి కనపడని నష్టం పాత వంకల అడుగున జరిగింది. పారకం ఆగిన ఆ పాయల్లో కుళ్లిన ఆకూ అలమూ పేరుకుని ఇసుకను కప్పేసింది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది. 1999లో కాలువను పూడ్చడం మొదలుపెట్టారు. తవ్వినప్పుడు గట్టున పోసిన మట్టినే మళ్లీ కాలువలోకి తోశారు, ఒక గేటును పేల్చేశారు. 2021 నాటికి సుమారు 35 కిలోమీటర్ల కాలువ పూడింది. నీళ్లు పాత వంకల్లోకి మళ్లాక ఆ బురదను నదే కడుక్కుపోయింది. వంకల లోపలి ఒడ్డున ఇసుక తిన్నెలు తేలాయి. బీడులో చిత్తడి మొక్కలు వాటంతటవే మొలిచాయి. మన గోదావరి లంకల రైతుకు ఇందులో వింతేమీ కనపడదు. వరద తీశాక ఒండ్రు మీద ఏది ఎంత త్వరగా మొలుస్తుందో అతనికి తెలుసు.

డాన్యూబ్ సంగతి వేరు. 1984 డిసెంబరులో హైన్‌బుర్గ్ దగ్గర జలవిద్యుత్ కేంద్రం కోసం ఏటి పక్క అడవిని నరకబోతే, వేలమంది గడ్డకట్టే చలిలో అక్కడే గుడారాలు వేసుకున్నారు. పోలీసులు లాఠీలు ఝళిపించినా కదల్లేదు. చివరికి ఛాన్సలర్ ఫ్రెడ్ జినోవాట్స్ క్రిస్మస్ పేరు చెప్పి పని ఆపించారు. 1996లో ఆ అడవి జాతీయ పార్కు అయింది. 9,300 హెక్టార్లకు పైబడిన చోటు. వాళ్లు అలా కూర్చోకపోతే ఈరోజు మాట్లాడుకోవడానికి అడవే ఉండేది కాదు.

అయితే ఆ పోరాటం ఆపింది కొత్త డ్యామ్‌నే. పంతొమ్మిదో శతాబ్దంలో నదికి వేసిన కట్లు చాలామటుకు అలాగే ఉన్నాయి: ఒడ్డున పేర్చిన రాళ్లు, మూసేసిన పాయలు, ఉత్తరాన కరకట్ట. పైనున్న విద్యుత్ కేంద్రాలు గులకరాళ్లను దిగువకు రానివ్వవు. రాళ్లు అందని ప్రవాహం తన అడుగునే తవ్వుకుంటుంది, ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున. పార్కు పుట్టినప్పటి నుంచి ఇలాగే సాగితే అర మీటరు దాటినట్టే. నది దిగిన కొద్దీ అడవి కింద నీటిమట్టమూ దిగుతుంది. పాయల్లోకి నీరెక్కే రోజులు తగ్గుతాయి. చెట్లు నిలబడే ఉంటాయి కాబట్టి చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది. కంచె వేసి నేలను కాపాడగలం, వరదను కాపాడలేం. డాన్యూబ్‌ను మెచ్చుకునే రాతల్లో ఈ మాట మరీ తక్కువగా వినిపిస్తుంది, అదే నా అసంతృప్తి.

అక్కడివాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2006 నాటికి హైన్‌బుర్గ్ ఎదుటి ఒడ్డున మూడు కిలోమీటర్ల మేర రాళ్లు తీసేశారు. నది ఆ ఒడ్డును కోసుకుంటూ పోతోంది. అలా కోసిన నిలువు మట్టిగోడల్లోనే లకుముకి పిట్ట గూడు తొలుచుకుంటుంది. ఎగువనున్న ఫ్రాయిడెనావ్ విద్యుత్ కేంద్రం దిగువన పడవలతో గులకరాళ్లు పోస్తున్నారు. కిసిమ్మీలో పూడ్చిన 35 కిలోమీటర్ల పక్కన ఈ మూడు చిన్నవే. కానీ కిసిమ్మీ పక్కన ఉన్నవి కొనడానికి వీలైన పశువుల బీళ్లు. డాన్యూబ్ మీద సరుకు ఓడలు తిరగాలి, వాటికి రెండున్నర మీటర్ల లోతు కావాలి. ఆ తేడాను పక్కనపెట్టి తీర్పు చెప్పడం అన్యాయం.

కిసిమ్మీకీ లోటుంది. ఎగువ సరస్సుల నుంచి ఎప్పుడు ఎంత నీరు వదలాలో ఇంకా మనుషులే నిర్ణయిస్తారు. ఆ నీటి విడుదల పట్టిక చాలాకాలం ముంపు భయంతో రాసిన పాతదే. అందుకే కొన్నేళ్లు వరద వచ్చినట్టే వచ్చి తొందరగా తీసేసేది, చేప పిల్ల ఎదిగేంత వ్యవధి కూడా ఉండేది కాదు. అయినా నేను కిసిమ్మీ వైపే మొగ్గుతాను. అక్కడ ప్రభుత్వం తన చేత్తో తవ్వినదాన్ని తానే పూడ్చింది, ముంపు నేలను కొని నీటికి వదిలేసింది. డాన్యూబ్‌లో పార్కు హద్దు గీసి ముప్పై ఏళ్లవుతోంది. ఇంకా కట్టేసి ఉన్న పాయల నోళ్లు ఇప్పుడు ఒకదాని తర్వాత ఒకటి తెరవాలి, నదిలో నీరు తక్కువున్న రోజుల్లోనూ లోపలికి పారేంత లోతుగా.