రంగు నిలిచే చెక్క ఏది?

లక్సెట్టిపేట నుంచి దండేపల్లి, జన్నారం మీదుగా నిర్మల్ వైపు పోతుంటే చాలాదూరం టేకు అడవే తోడొస్తుంది. 2012లో పెద్దపులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవి ఇదే. ఇంత టేకు చేతికందే దూరంలో ఉన్నా నిర్మల్ నకాషీ కళాకారులు బొమ్మలకు పొనికి కర్రనే పట్టుకున్నారు. వాళ్ల పనితనంలో సగం ఈ ఎంపికలోనే ఉందని నా నమ్మకం.

టేకు అందమంతా దాని చారల్లో ఉంది. పాలిష్ పెడితే అవి మెరుస్తాయి, రంగేస్తే దాగిపోతాయి. పైగా టేకులో సహజంగా ఉండే నూనె రంగును గట్టిగా పట్టనివ్వదు, నూనె రంగుల్ని తొందరగా ఆరనివ్వదు. దర్వాజను ఏళ్లతరబడి కాపాడే ఆ నూనే చిత్రకారుడికి అడ్డం. టేకు సామాను మీద బొమ్మలు వేయరని కాదు, వేస్తారు. కానీ ముందు చెక్కను పూతలతో బాగా మూసేయాలి. పొనికి తీరు వేరు. తేలికైన, మెత్తని, పాలిపోయిన కర్ర. ఉలికి లొంగుతుంది, చారలు పైకి తేలవు.

అయినా దాని మీద నేరుగా రంగు పెట్టరు. కర్రను బాగా ఆరబెట్టి, తడి పోయాక చెక్కుతారు. చింతగింజల్ని నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తే చిక్కటి జిగురు తయారవుతుంది. అందులో రంపపు పొట్టు కలిపి అతుకుల్లో, గుంతల్లో నింపుతారు. ఆరాక నున్నగా రుద్ది తెల్లసుద్ద పూస్తారు. చెక్క రంధ్రాలు మూసుకుంటాయి, రంగు లోపలికి ఇంకిపోకుండా పైనే నిలుస్తుంది. ఇటలీ చిత్రకారులు కూడా పాప్లర్ పలకల మీద సుద్దలాంటి పొడిని జంతువుల జిగురుతో కలిపి పూసేవారు. వాళ్లది తోలు జిగురు, మనది చింతగింజ జిగురు. పని మాత్రం ఒక్కటే.

అయితే ఎంత పూసినా చెక్క కదలిక ఆగదు. వానాకాలం తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. లియొనార్డో మోనాలిసాను గీసిన పాప్లర్ పలక కూడా వంగింది, పైఅంచు నుంచి పగులు తీసింది. ఇక నిర్మల్‌లో వేసే చిత్రాల సంగతికొస్తే, వాటికి ప్లైవుడ్, హార్డ్‌బోర్డు వాడకం వచ్చింది. అది మంచి మార్పే. ప్లైవుడ్‌లో ఒక పొర చారలు నిలువుగా, పక్క పొరవి అడ్డంగా ఉంటాయి. ఒకదాని కదలికను మరొకటి పట్టి ఆపుతుంది. నల్లటి నేల మీద డ్యూకో అనే లాకర్ రంగులతో బంగారు బొమ్మ తేలాలంటే అలాంటి కదలని పలక కావాలి.

ఇంట్లో బొమ్మ వేసుకోవాలనుకునేవాళ్లు దుకాణంలోనే పలకను కళ్లకు ఎదురుగా, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి. వంపు ఉన్నా, పొర ఉబ్బినా నీడలు పట్టిస్తాయి. ముడులున్న చెక్క వద్దు, వాటిలోని జిగట రంగులోంచి మరకగా బయటికొస్తుంది. తెచ్చాక తడిబట్టతో ఒకసారి తుడవండి. చెక్క పీచు లేచి గరుకవుతుంది. ఆరాక ఉప్పు పేపర్ కొడితే నునుపు నిలుస్తుంది. గుంతలుంటే లప్పం పెట్టి, మళ్లీ పేపర్ కొట్టి, ఆపైన ప్రైమర్ పూయాలి. హడావుడిగా ఒక్క పూతతో సరిపెడితే తర్వాత ఎంత ఖరీదైన రంగైనా దండగే. ఎండీఎఫ్ పలక ముఖం నున్నగానే ఉంటుంది, కానీ దాని అంచు నీటిని పీల్చి ఉబ్బుతుంది. అంచుకు మరో పూత ఎక్కువే వేయాలి.

ఎక్కువమంది వదిలేసేది పలక వెనకభాగం. ముందువైపు మాత్రమే పూత ఉంటే తేమ వెనక నుంచి ఎక్కి పలక వంగుతుంది. అందుకే నిర్మల్ చిత్రం కొనేటప్పుడు ముందువైపు చూసి మురిసిపోయాక ఓసారి వెనక్కి తిప్పండి. వెనకా, అంచులూ పూతతో మూసి ఉంటే నిశ్చింతగా తీసుకోండి. పూత లేని ఉత్త చెక్క కనిపిస్తే పూత వేయించాకే గోడకు తగిలించండి.