ఎక్కం వస్తుంది, ఉప్పు రాదు

పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషిని మా దగ్గరికి తీసుకొచ్చేవాళ్లు తరచూ శుభవార్తతోనే మొదలుపెడతారు. "మేడమ్, రాత్రి నాన్న విష్ణు సహస్రనామం అందుకున్నారు." "అమ్మ వారాల పేర్లన్నీ గడగడా చెప్పేసింది." అదే నాన్న పొద్దున కూరలో ఉప్పు తగ్గిందని చెప్పలేక కంచం తోసేసి ఉంటాడు. వచ్చింది వాళ్లు ఎదురుచూస్తున్న మాట కాదని, వాళ్ల మొహాలు వాడిపోకుండా చెప్పాలి. స్పీచ్ థెరపీ విద్యార్థులకు నేను నేర్పేవాటిలో కష్టమైనది ఇదే.

అప్పటికప్పుడు పదాలు ఏరి, కూర్చి చెప్పేది ఒక రకం మాట. ఎక్కాలు, స్తోత్రాలు, పలకరింపులు, తిట్లు, ఇలా నోటికి అలవాటైపోయినవి ఇంకో రకం. 19వ శతాబ్దంలోనే లండన్ వైద్యుడు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ ఈ తేడా పట్టుకున్నాడు. మెదడు ఎడమవైపు దెబ్బతింటే మొదటిది పోయి రెండోది మిగిలిపోవచ్చు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా చూసిన లెబోర్న్ అనే రోగి అప్పటికి 21 ఏళ్లుగా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఏమడిగినా "టాన్, టాన్" అనేవాడు. కోపం నషాళానికి అంటితే మాత్రం ఒక తిట్టు శుభ్రంగా ఊడిపడేది. అతను పోయాక బ్రోకా శవపరీక్ష చేసి, అతని మెదడు ఎడమవైపు ముందుభాగంలో గాయం చూపించాడు. పాఠ్యపుస్తకాలకు ఆ గాయం ముఖ్యం. మా వార్డులో మాత్రం ఎక్కువ పని ఆ తిట్టుతోనే. జన్మలో ఎవర్నీ "ఒరేయ్" అనని పంతులుగారి నోట బూతు వస్తే ఇంటిల్లిపాదీ తల దించుకుంటారు. ఇన్నాళ్లూ లోపల దాచుకున్న గుణం బయటపడిందనుకుంటారు. అలాంటిదేమీ లేదని ఒకటికి రెండుసార్లు చెప్పాలి. భార్యకి విడిగా ఇంకోసారి.

హైదరాబాదులో ఇంకో చిక్కుంది. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్న తరం తెలుగువాళ్లు దేవుడికి తెలుగులో దణ్ణం పెట్టి, ఎక్కాలు ఉర్దూలో అప్పజెప్పేవారు. అందుకే ఏ బడిలో చదివారో మొదటే అడుగుతాం. నాలుగు భాషలొస్తే మాట పోదని కొందరి ఆశ. నిమ్స్‌లో 608 మంది పక్షవాత రోగుల మీద జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో, రెండు మూడు భాషలు వచ్చినవాళ్ల ఆలోచనాశక్తి మెరుగ్గా నిలబడింది. మాట పోవడంలో మాత్రం తేడా కనిపించలేదు.

ఇంతకీ మా పని ఎక్కడ మొదలవుతుంది? ఒకటి నుంచి పది దాకా చెప్పమంటే రోగి జలజలా చెప్పేస్తారు. ఏడు దగ్గర ఆపి "ఏడు తర్వాత ఎంత?" అంటే బిక్కమొహం వేస్తారు. మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకుంటే తప్ప ఎనిమిది దొరకదు. ధారగా వచ్చేదాన్ని ఇంకా బాగా పారించడం చికిత్స కాదు. దాన్ని తనకు కావలసిన చోట తనే ఆపుకోగలగాలి. ఆపినవాడికే అది మాటగా ఉపయోగపడుతుంది.

పాటతో చేసే చికిత్సలోనూ కిటుకు అదే. 1973లో బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ ప్రకటించిన పద్ధతిలో "నీళ్లు కావాలి" వంటి చిన్న వాక్యాన్ని రెండు స్వరాల మధ్య సాగదీసి, ఎడమచేత్తో తాళం వేయిస్తూ పలికిస్తారు. తర్వాత థెరపిస్టు గొంతు తగ్గిస్తుంది, చివరికి రాగం కూడా తీసేస్తుంది. తెలుగులో చేసేటప్పుడు హ్రస్వాన్ని సాగదీయకూడదు, "పడు" కాస్తా "పాడు" అయి కూర్చుంటుంది. సాధన చేసిన వాక్యాలు బాగుపడతాయని అధ్యయనాలున్నాయి. సాధన చెయ్యనివాటి సంగతికొస్తే ఆధారాలు అంత గట్టిగా లేవు. యూట్యూబ్ వీడియోల్లో ఈ రెండో సంగతి చెప్పరు.

ఈమధ్య ఒక రిటైర్డ్ బస్సు కండక్టర్‌ను మా విద్యార్థిని "మీకెంతమంది పిల్లలు?" అని అడిగింది. ఆయన వేళ్లు మడుస్తూ "ఒకటి, రెండు, మూడు" అని, "నా..." దాకా వచ్చి, చేత్తో నోరు గట్టిగా మూసుకున్నారు. పిల్లలు ముగ్గురే. అమ్మాయి సంతోషం పట్టలేక నా వైపు చూసింది. పక్కనున్న కొడుకు మాత్రం దిగులుపడ్డాడు. "నిన్న ఇంట్లో వంద దాకా చెప్పారు మేడమ్, ఇవాళ మూడుకే ఆగిపోయారేంటి?" ఆ కొడుకుని కూర్చోబెట్టి చాలాసేపే చెప్పాల్సి వచ్చింది. ఎంతవరకు నమ్మాడో తెలీదు. ఇక "మూడు" నుంచి "ముగ్గురు"కి వెళ్లాలి. లెక్కపెట్టుకుంటూ పోతే ఆ మాట దారిలో ఎక్కడా తగలదు కాబట్టి ఇది ఇంకా గట్టి పని. వచ్చే వారం దాంతోనే మొదలు.