బ్రేకు తొక్కితే స్టీరింగ్ ఎందుకు అదురుతుంది?

పాత స్పోర్ట్స్ కారును రేసు ట్రాక్ మీదికి తీసుకెళ్లినవారికి తరచు ఎదురయ్యే బాధ బ్రేకు అదురు. మంచి వేగంలో ఉండగా పెడల్ తొక్కగానే స్టీరింగ్ చేతుల్లో వణుకుతుంది. 1989లో వచ్చిన మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5 ఇందుకు తగిన ఉదాహరణ. అందులో 1.6 లీటర్ల కారు ముందు డిస్కుల వ్యాసం 235 మిల్లీమీటర్లే. బరువు తక్కువ కాబట్టి రోడ్డు మీద అవి చాలు. ట్రాక్ మీద మాత్రం ఒక మలుపు వేడి చల్లారకముందే ఇంకో మలుపు వస్తుంది.

అదురు కనిపించగానే షెడ్డులో వినబడే మాట, ‘డిస్కు వంగింది’. ఆ తీర్పు చాలాసార్లు తప్పు. వంగాయనుకునే డిస్కుల్లో ఎక్కువ భాగం ప్యాడ్ పదార్థం ఎగుడుదిగుడుగా అంటుకున్నవేనని రేసింగ్ ఇంజినీరు క్యారల్ స్మిత్ గట్టిగా వాదించారు. తన హద్దుకు మించి వేడెక్కిన ప్యాడ్ డిస్కు మీద మచ్చలుగా పూసుకుంటుంది. కాలుతున్న బ్రేకులతో కారు ఆపి పెడల్ మీద కాలు అలాగే ఉంచితే ప్యాడ్ ముద్ర అక్కడే పడిపోతుంది. ఆ మచ్చ దగ్గర రాపిడి ఎక్కువ, వేడీ ఎక్కువ. వేడి బాగా ముదిరితే కింది పోత ఇనుములో సిమెంటైట్ అనే గట్టి పదార్థం పుడుతుంది. చుట్టూ ఉన్న లోహం అరిగినా అది అరగదు. అందుకే లేతు మీద పైపైన చెక్కించిన డిస్కు కొన్నాళ్లకే మళ్లీ అదురుతుంది.

మందంలో తేడా తల వెంట్రుకంత కూడా ఉండనక్కర్లేదు. మిల్లీమీటరులో నూరో వంతు, రెండు వంతులున్నా చేతులకు తెలిసిపోతుంది. కంటితో చూసి తేల్చే విషయం కాదిది.

పరీక్ష మొదలయ్యేది డ్రైవింగ్ సీటులోనే. స్టీరింగ్ వణికితే అనుమానం ముందు చక్రాల మీదికి, సీటు వణికితే వెనక చక్రాల మీదికి వెళ్తుంది. ఈ కారు హ్యాండ్‌బ్రేకు వెనక డిస్కులనే పడుతుంది. కనుక ఖాళీగా ఉన్న తిన్నని దారిలో, తక్కువ వేగంలో, బటన్ నొక్కిపట్టి దాన్ని మెల్లగా లాగి చూడవచ్చు. బ్రేకు తొక్కకపోయినా అదురుతుంటే తప్పు టైర్లదో, చక్రాల బ్యాలెన్సుదో అయి ఉంటుంది. ట్రాక్ అంచున పడి ఉండే రబ్బరు ముక్కలు వేడి టైరుకు అంటుకున్నా ఇలాగే ఉంటుంది.

తర్వాత కారును జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాలి. వదులుంటే ముందుగా బేరింగు చూడాలి. ముప్పై ఏళ్లు దాటిన కారులో సస్పెన్షన్ బుష్‌లు అరిగి ఉంటాయి. అవి చిన్న అదురును పెద్దది చేస్తాయి. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ సమానంగా అరగలేదంటే కాలిపర్ పిన్నులు పట్టేసి ఉండవచ్చు.

అసలు నేర్పు కొలతలో ఉంది. డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల మైక్రోమీటరుతో మందం చూడాలి. డిస్కును నట్లతో హబ్‌కు బిగించి, డయల్ గేజ్ ఆనించి తిప్పితే అది అటూ ఇటూ ఎంత ఊగుతోందో, అంటే రనౌట్ ఎంతో తెలుస్తుంది. 0.05 మిల్లీమీటరు లోపు ఉంటే మేలు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఈ కారు చక్రం సెకనుకు దాదాపు 15 సార్లు తిరుగుతుంది. ఊగే డిస్కు తిరిగిన ప్రతిసారీ, బ్రేకు తొక్కకపోయినా, ఒకే చోట ప్యాడ్‌ను రాసుకుంటుంది. మందంలో తేడా అలా పుడుతుంది.

రనౌట్ ఎక్కువుంటే కొత్త డిస్కు కొనే ముందు హబ్ ముఖం మీది తుప్పును వైర్ బ్రష్‌తో గీకి మళ్లీ కొలవాలి. అప్పటికీ తగ్గకపోతే డిస్కును ఒక బోల్టు పక్కకు జరిపి బిగించాలి. గేజ్‌లో ఎత్తుగా కనిపించిన చోటు డిస్కుతో పాటు జరిగితే లోపం డిస్కుది, హబ్ దగ్గరే ఉండిపోతే హబ్‌ది. పైసా ఖర్చు లేకుండా ఇంత స్పష్టంగా జవాబిచ్చే పరీక్ష ఇంకొకటి లేదు.

కొత్త డిస్కు, కొత్త ప్యాడ్‌లు వేస్తే, పూర్తిగా ఆపకుండా వేగం తగ్గిస్తూ, పెంచుతూ వాటిని క్రమంగా వేడెక్కించి, ఆపైన చల్లారనివ్వాలి. చక్రాల నట్లను టార్క్ రెంచ్‌తో సమంగా బిగించాలి. ట్రాక్ దిగే ముందు ఒక ల్యాప్ నెమ్మదిగా తిరగాలి. ఆపాక హ్యాండ్‌బ్రేకు లాగకుండా గేరులో ఉంచి, చక్రానికి అడ్డు పెట్టాలి. కనీస మందం కంటే తక్కువకు అరిగిపోయిన డిస్కుకు మాత్రం ఏ మరమ్మతూ లేదు, దాన్ని మార్చాల్సిందే.